మా వంశంలో లేచే అలవాటు లేదు

మా వంశానికి ఇప్పటిదాకా మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది ప్రభుత్వం కొట్టింది, భూములు పోయాయి. రెండోది అడవిలోంచి వచ్చిన అన్నలు కొట్టారు, ఊరు విడిచి రావలసి వచ్చింది. మూడోది నాకు నేనే కొట్టుకున్నాను. మొదటి రెండు దెబ్బల మీద చదువుకున్నవాళ్లు వ్యాసాలు రాశారు, సభలు పెట్టారు. మూడోదాని గురించి రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి కలం నేనే పట్టవలసి వచ్చింది. ఏ పనీ సొంత చేత్తో చేసుకోని వంశంలో ఇదొక కొత్త ముచ్చట.

ముందే చెబుతున్నాను. ఈ కథలో నది ఉంది, ఓడ ఉంది, మునగడం కూడా ఉంది. మునిగింది మాత్రం ఓడ కాదు.

నా పేరు విఠల్ రావు. కోరుట్ల పక్కన ఒక ఊళ్లో కోటలాంటి మా గడీ ఉండేది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత మావంటి వాళ్లను చూసే పుట్టింది. నా కాలానికి వచ్చేసరికి ఆ వాసన కూడా పోయి మూతి ఒక్కటే మిగిలింది. దాని మీద మీసం పెంచుకుని జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మేనేజరుగా ఉండేవాణ్ణి. పేరు ఘనమైనదే. చేసే పని, ఫీజు కట్టని పిల్లల తండ్రులకు ఫోన్లు చేయడం. మా తాత శిస్తు అడిగితే ఊరు ఊరంతా వణికేదట. నేను ఫీజు అడిగితే, "పసుపు అమ్మినంక సూద్దాం తీ సారు" అని ఫోన్ పెట్టేసేవారు.

అయినా నా నడుం వంగలేదు. కుర్చీలో ఎంత నిటారుగా కూర్చునేవాణ్ణంటే, కాలేజీలో కొత్తగా చేరిన తెలుగు మేడమ్ ఒకనాడు జాలిపడి, "సార్, మా వారికి కూడా నడుం పట్టేస్తే ఒక తైలం వాడినం, పేరు రాసియ్యమంటరా?" అని అడిగింది.

గడీ గోడలు వానలకు కూలాయి. చివరికి మిగిలింది పెద్ద దర్వాజ ఒక్కటే. టేకు చెక్క, దాని నిండా ఇత్తడి గుబ్బలు. ఆ పెద్ద తలుపులోనే ఒక చిన్న తలుపు ఉంటుంది, దిడ్డి అంటాం. పెద్ద తలుపు మా ఇంటివాళ్లకూ మాతో సమానమైన చుట్టాలకూ మాత్రమే తెరిచేవారు. మిగతా లోకమంతా దిడ్డిలోంచి నడుం వంచుకుని రావాలి. వచ్చిన ప్రతివాడికీ దండం పెట్టమని చెప్పే శ్రమ లేకుండా, మా ముత్తాత వడ్రంగికి ఒక్కసారి చెప్పాడన్నమాట.

ఆ దర్వాజను మా చిన్నాయన నాకు మాట మాత్రమైనా చెప్పకుండా కోరుట్లలో కట్టెల డిపో నడిపే లింబాద్రికి అమ్మేశాడు. తెలిసిన రోజే బస్సెక్కి వెళ్లాను. డిపోలో రంపపు పొట్టు మధ్య, పాత కిటికీల గుంపులో, మా దర్వాజ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, రేషన్ దుకాణం ముందు లైన్లో నిలబడ్డ జమీందారులాగా.

"లింబాద్రీ, గది మా దర్వాజ," అన్నాను.

"మీదే దొరా, ఎవలు కాదన్నరు? మీ చిన్నాయిన అమ్మిండు, నేను కొన్న. ఇగ నాది."

"గది అమ్మే వస్తువు కాదు."

"గందుకేనేమొ, ఇంకా అమ్ముడుపోతలేదు." లింబాద్రి చెవి మీది పెన్సిల్ తీసి దానితోనే వీపు గోక్కున్నాడు. "హైదరాబాదుల ఒకాయన రిసార్టు కడ్తున్నడట. దసరా ఎల్లినంక అచ్చి తీస్కపోత అన్నడు. మీరు దసరా లోపట పైకం తెస్తే మీకే ఇస్త. లేకుంటే గాయినకే. పాత దొరలైనా కొత్త దొరలైనా నాకు ఒక్కటే, బండి మీరే మాట్లాడుకోవాలె."

ఇంటికొచ్చి నా భార్య సుజాతతో చెప్పాను, ఆ దర్వాజను వెనక్కి తెస్తానని. ఆమె చాట పక్కన పెట్టి మా ఇంటిని ఒకసారి చూసింది. చూడడానికి ఎక్కువ సేపు పట్టలేదు. రెండు గదుల కిరాయి ఇల్లు.

"తెచ్చి ఏడ పెడ్తరు? గా దర్వాజ లోపటికి అస్తే మనం బయట పండాలె."

"పరువును కొలతలు తీసుకొని కొంటరా?" అన్నాను.

"కొలతలు తీస్కోకనే గదా గిట్లున్నం," అని మళ్లీ చాట అందుకుంది.

ఇక్కడ రాజేశం ప్రవేశిస్తాడు. డిగ్రీలో నా క్లాస్‌మేటు, అదే కాలేజీలో లెక్కల లెక్చరరు. సిరిసిల్ల నేతవాళ్ల కుటుంబం. వాళ్ల తాత మా గడీకి బట్టలు మోసుకొచ్చేవాడు. "మా తాతకు మీ దిడ్డి తగిలి లేసిన బొప్పి సచ్చేదాక ఉండె" అని రాజేశం నాతో నవ్వుతూనే చెప్పేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఇద్దరం ఒకే దానికి నవ్వుతున్నామనే అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో పేకముక్కల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

"దొరా, నీకు దర్వాజ గావాలె. నాకు సొంతంగ కోచింగ్ సెంటర్ గావాలె. ఇద్దరికీ దారి గిదే."

"జూదమా? థూ."

"జూదం కాదు. కూడుడు, తీసేసుడు. ఒకటో తరగతి లెక్క. గోవల నది మీద ఓడల కాసినోలుంటయి. ఆడ బ్లాక్‌జాక్ అని ఒక ఆట. ముక్కలు కలిపితే ఇరవై ఒకటికి దగ్గరగ రావాలె, దాటితే పోయినట్టే. చిన్న ముక్కలు బయటికి ఎల్లిపోయినకొద్దీ పంచెటి డబ్బాల పెద్ద ముక్కలు మిగుల్తయి. పెద్దయి మిగిలినప్పుడు మనకు లాభం, చిన్నయి మిగిలినప్పుడు వాళ్లకు లాభం. ఏ ముక్క పోయిందో మనసుల లెక్కవెట్టుకుంట కూసుంటే, ఎప్పుడు పెద్ద పందెం కట్టాల్నో ఎప్పుడు లేవాల్నో ఎర్కైతది. గంతే."

"మరి నువ్వే లెక్కవెట్టి నువ్వే కట్టరాదు? నేనెందుకు?"

"చిన్నగ ఆడెటోడు ఉన్నట్టుండి పెద్దగ కడితే కాసినోల్లకు అనుమానమైతది. లెక్కవెట్టుడు నేరం కాదు గానీ, దొరికితే ఎల్లగొడ్తరు. గందుకే ఇద్దరు గావాలె. ఒకడు మూలకు కూసోని లెక్కవెట్టాలె. ఇంకొకడు బలిసినోని తీరు అచ్చి, సైగ చేసినప్పుడు పెద్ద పందెం కట్టాలె. ఒకలకొకలం ఎర్కలేనట్టే ఉండాలె. నాకు లెక్కస్తది. నీకు బలుపస్తది."

దీన్ని నేను పొగడ్తగా తీసుకున్నాను. అప్పట్లో నాకు ఏది తగిలినా పొగడ్తగానే తగిలేది.

పైగా ఆడవలసింది మామూలు బల్లల దగ్గర కాదట. అక్కడ ముక్కలను యంత్రం కలుపుతుంది కాబట్టి ఏ లెక్కా నిలవదు. గొప్పవాళ్ల కోసం వేరే గది ఉంటుంది, హై లిమిట్ గది. కనీస పందెమే మామూలువాడి నెల జీతం. అక్కడ ముక్కలు చేత్తో పంచుతారు, లెక్క నడుస్తుంది. మామూలు జనం రాని గది అనగానే సగం ఒప్పుకున్నాను. మిగతా సగం దర్వాజ ఒప్పించింది. కాలువ పక్కన మిగిలిన చివరి కొన్ని గుంటల భూమి నేను అమ్మాను. రాజేశం చిట్టీ ఎత్తాడు.

అభ్యాసం సిరిసిల్లలో, వాళ్లింట్లో. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఇంటి వెనక షెడ్డులో వాళ్లన్న సాంచెలు టకటకమని మోగుతుంటే, వాటి పక్కనే చాప వేసుకుని ముక్కలు పంచుకునేవాళ్లం. "గీ లొల్లిల లెక్క తప్పకపోతే కాసినోల అస్సలు తప్పది," అనేవాడు రాజేశం. నిజంగానే అతనికి ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు ఒక్కసారి కూడా కుదరలేదు. ఆ సంగతి మేమిద్దరం పట్టించుకోలేదు, లెక్క నా శాఖ కాదు కాబట్టి.

నేను గడప తొక్కగానే వాళ్లమ్మ నర్సవ్వ పీట మీద నుంచి గోడ పట్టుకుని లేచేది. "దండాలు దొరా" అనేది. నేను కుడిచేతి రెండు వేళ్లు కొద్దిగా కిందికి ఊపి, "కూసో, కూసో" అనేవాణ్ణి. మా తాత అలాగే ఊపేవాడని విన్నాను. రెండు వేళ్లే, చెయ్యంతా ఊపితే చవక.

ఒకరోజు రాజేశం ముక్కలు కలుపుతూ తలెత్తకుండా అన్నాడు, "మా అవ్వకు మోకాళ్ల నొప్పులు. కూసుంటే లేసుడు కష్టం, లేస్తే కూసునుడు కష్టం."

"అయ్యో, నేను కూసోమనే అంటున్న గదా!"

"అవ్. లేసినంక అంటున్నవ్."

ఇందులో తేడా ఏమిటో ఆ వయసులో నాకు తెలియలేదు.

ఇక సైగలు. "నేను కండ్లద్దాలు తీసి తుడిస్తే, అచ్చి కూసోని పెద్ద పందెం కట్టు," అన్నాడు. ఒప్పుకున్నాను. పేచీ అంతా రెండో సైగ దగ్గర వచ్చింది.

"లెక్క చెడిపోతే నేను దగ్గుత. నువ్వు వెంటనే లేసిపో."

"దగ్గితే లేసుడేంది? రోగమా?"

"పోనీ, ముక్కు గోక్కుంట."

"ఛీ. ముక్కు గోక్కునెటోన్ని చూసి నేను లేవాల్నా?"

"చెవు పట్టుకుంట."

"ఎవని చెవు?"

రాజేశం ముక్కలు చాప మీద పడేశాడు. "నీ అసుంటోనితోని పెట్టుకునుడే నాది బుద్ధి తక్కువ. గిదైతే సూడు, ఇగ తిరుగు లేదు. నేను లేసి నిలవడ్త. నేను లేస్తే నువ్వు లేవాలె. సరేనా?"

నేను ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాను. నేను కూర్చుని ఉన్నాను, ఎదురుగా ఒకడు లేచి నిలబడ్డాడు. ఎందుకో హాయిగా అనిపించింది. "సరే," అన్నాను. చదువరులారా, మునగడం మొదలైంది ఇక్కడే. నది ఇంకా చాలా దూరంలో ఉంది.

నర్సవ్వకు, గోవాలో పరీక్ష పేపర్లు దిద్దడానికి పోతున్నామని చెప్పాం. "అంత దూరం పోయి దిద్దాల్నా? గంతగనం తప్పులు రాసిన్రా పోరగాండ్లు?" అని ఆమె వేములవాడలో కోడె మొక్కుకుంది, మేం క్షేమంగా తిరిగి వస్తే గుడిలో కోడెను కడతానని.

గోవాలో ఓడ ఎక్కినప్పుడు నేను మా తాత షేర్వానీ తొడుక్కున్నాను. మెడ దగ్గర ఎంత బిగుతంటే తల వంచితే ఊపిరి ఆడదు. మా వంశం తల ఎందుకు వంచలేదో అప్పుడే అర్థమైంది, అది పట్టుదల కాదు, దర్జీ పనితనం. రాజేశం నాకంటే ముందే గళ్ల చొక్కాతో, మామిడికాయల వ్యాపారి వేషంలో లోపలికి వెళ్లాడు.

హై లిమిట్ గదిలో గడియారం లేదు. కాళ్లకింద తివాచీ ఎంత మెత్తగా ఉందంటే బురద పొలంలో నడిచినట్టుంది. ముక్కలు పంచే అమ్మాయి రాయిలా నిలబడి ఉంది. మూల కుర్చీలో రాజేశం కనీస పందెం కడుతూ, ఒకసారి గెలుస్తూ ఒకసారి ఓడుతూ, మార్కెట్లో ధర పలకని మామిడి రైతులా దిగాలుగా కూర్చున్నాడు. చాలాసేపటికి కళ్లద్దాలు తీసి తుడిచాడు.

నేను వెళ్లి కూర్చున్నాను. పెద్ద పందెం కట్టాను. రాజు, ఆసు వచ్చాయి. గెలిచాను. మళ్లీ కట్టాను. మళ్లీ గెలిచాను. కాసేపటికి రాజేశం లేచి, నడుం విరుచుకున్నట్టు నిలబడ్డాడు. నేనూ లేచి కిటికీ దాకా వెళ్లి నది చూశాను. చూశారా? మొదటిసారి లేచాను. సైగ తెలియక కాదు, చేతకాక కాదు. ఈ విషయం చరిత్రలో నమోదు కావాలి.

మళ్లీ కళ్లద్దాలు తుడిచాడు. మళ్లీ గెలిచాను. దర్వాజ పైకం దాదాపు చేతికొచ్చేసింది. తలుపు వచ్చింది, గొళ్లెం ఒక్కటే మిగిలింది. అప్పుడే ఆ గది మేనేజరు, కోటు వేసుకున్న నున్నటి మనిషి, నా పక్కకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాజా సాబ్ ఎక్కడినుంచి?" అని హిందీలో అడిగాడు.

రాజా సాబ్! ముప్పై ఏళ్ల నా జీవితంలో నన్నెవరూ అలా పిలవలేదు. పిలవాలని తెలిసినవాళ్లు చచ్చిపోయారు, బతికున్నవాళ్లకు తెలియదు.

"కోరుట్ల," అన్నాను.

"సంస్థానమా?"

"ఆఁ... సంస్థానమంతది కాదు," అన్నాను, సంస్థానం కంటే పెద్దదేమో అని వినేవాడికి అనుమానం వచ్చే గొంతుతో.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఇద్దరు మనుషులు ఎత్తయిన వీపున్న నగిషీల కుర్చీ మోసుకొచ్చారు. అందులో కూర్చున్నాను. నా వీపు అలాంటి కుర్చీ కోసమే కదా పుట్టినప్పటి నుంచీ నిటారుగా ఎదురుచూస్తోంది.

డబ్బాలోంచి పెద్ద ముక్కలు వరసగా బయటపడసాగాయి. అంటే లోపల చిన్నవి మిగులుతున్నాయి, లెక్క చెడిపోతోంది. ఈ సంగతి ఆ గదిలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడు లేచి నిలబడ్డాడు.

ఆ క్షణంలో ఆ గదిని నా కళ్లతో చూడండి. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ మోసినవాళ్లు నిలబడ్డారు. ముక్కలు పంచే అమ్మాయి నిలబడి ఉంది. షర్బత్ గ్లాసుతో ఒకడు నిలబడ్డాడు. ఇప్పుడు నేతవాళ్ల రాజేశం కూడా లేచి నిలబడ్డాడు. కూర్చుని ఉన్నది నేనొక్కణ్ణే. మా తాత పాత ఫోటో ఒకటుంది, సరిగ్గా అలాగే ఉంటుంది.

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. రెండు వేళ్లు కిందికి ఊగాయి. గొంతులోంచి ఎంతో దయగా ఒక మాట వచ్చింది.

"కూసో రాజేశం, కూసో."

పేరు పెట్టి మరీ అన్నాను.

మేనేజరు నా వేళ్లను చూశాడు, ఆ వేళ్లు చూపిన మనిషిని చూశాడు, మధ్యలో ఒక గీత గీసుకున్నాడు.

"ఆయన మీకు తెలుసా, రాజా సాబ్?"

తెలియదు. ఒక్క మాట. పొరపాటున పిలిచాను అన్నా సరిపోయేది. కానీ మేనేజరు అంత మర్యాదగా అడిగినప్పుడు, నేను అంతకంటే మర్యాదగా, కొద్దిగా గర్వంగా చెప్పాను.

"హమారా ఆద్మీ హై."

మా మనిషి.

రాజేశం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది పెద్ద పందెం కట్టమనే సైగ కాదని నాక్కూడా అర్థమైంది.

ఎక్కడినుంచో ఇద్దరు వచ్చి అతని పక్కన నిలబడ్డారు. "సార్, మీ ఆట చాలా బాగుంది. ఇకమీదట ఇక్కడ ఆడొద్దు," అన్నారు, తీపి వడ్డించినంత మెత్తగా. వాళ్ల మధ్య నడిచి వెళ్తూ రాజేశం నా కుర్చీ దగ్గర ఆగాడు. తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"లే దొరా. పోయిందేం లేదు ఇంకా. జర లే, నీకు దండం వెడత."

లేస్తే ఏమయ్యేది? గెలిచిన పైకమంతా జేబులోనే ఉంది. దర్వాజ నాది, కోచింగ్ సెంటర్ అతనిది. కానీ ఆలోచించండి. ఇప్పుడే నేను అందరి ముందూ ఒకణ్ణి కూర్చోమన్నాను. వాడు కూర్చోకపోగా నన్ను లేవమంటున్నాడు. నేను లేస్తే, రాజా సాబ్ ఎవరు, మనిషి ఎవరు?

"నువ్ బయట ఉండు, నేనస్త," అన్నాను.

మేనేజరు వైపు భయంగా చూశాను, నన్నూ వెళ్లమంటాడేమోనని. ఆయన వంగి, షర్బత్ గ్లాసు స్వయంగా నా చేతికిచ్చాడు. "రాజా సాబ్, మీరు ఎంతసేపైనా ఆడుకోవచ్చు." లెక్క వచ్చినవాణ్ణి బయటికి పంపి, లెక్క రానివాడికి కుర్చీ వేశారు. మా గడీలో కూడా ఇదే పద్ధతి ఉండేది. అది ఎందుకు కూలిందో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

తర్వాత జరిగింది ఆట అనలేం. నేను పందెం పెడుతున్నాను, ఆ అమ్మాయి తీసుకుంటోంది. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను వెరవలేదు. దంచిన ప్రతిసారీ రోకలికి బక్షీసు కూడా ఇచ్చాను. మొదట గెలిచినవి పోయాయి, తర్వాత నా కాలువ పక్క గుంటలు, తర్వాత రాజేశం చిట్టీ. చివరి పందెం పోయాక గాని నేను లేవలేదు. నేను లేవగానే కుర్చీ ఎత్తుకెళ్లారు. రాజా సాబ్ అన్న మాట కూడా కుర్చీతోపాటే వెళ్లిపోయింది.

ఒడ్డున పడవల రేవు దగ్గర సిమెంటు దిమ్మె మీద రాజేశం కూర్చుని ఉన్నాడు. ఎండ ఇంకా ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఏమన్న మిగిలిందా?"

"మర్యాద మిగిలింది," అన్నాను.

"దాన్ని లింబాద్రి తీస్కుంటడా?"

షేర్వానీ గుండీ విప్పాలని చూశాను, రాలేదు.

"ఎర్కలేదని ఒక్కమాట అంటే అయిపోతుండె గదనే."

"ఇన్నేండ్ల దోస్తువి, నిన్ను ఎర్కలేదని ఎట్లంట రాజేశం?"

అతను నదివైపే చూస్తూ అన్నాడు, "మరి గా ముచ్చట వాళ్లకు సెప్పకపోతివి. మా మనిషి అన్నవ్. మా దోస్తు అంటే ఏం పోతుండె? గట్లన్నా ఎల్లగొట్టెటోళ్లే. గానీ ఎల్లగొట్టిచ్చుకున్నందుకు నాకు జర సంబురమన్న ఉంటుండె."

జగిత్యాల దాకా బస్సులు మారుతూ వచ్చాం. దారి పొడవునా అతను మాట్లాడిన మాట ఒక్కటే. "జర జరుగు."

నర్సవ్వ మాత్రం మేం క్షేమంగా తిరిగి వచ్చామని వేములవాడ వెళ్లి కోడెను కట్టి వచ్చిందట. "పేపర్లు మంచిగ దిద్దిన్రా దొరా?" అని అడిగింది, కనిపించినప్పుడు, గోడ పట్టుకుని లేస్తూ. ఆరోజు నా వేళ్లు ఊగలేదు. అలాగని ఇంకేం చేయాలో వాటికి తెలియదు. జేబులో పెట్టుకున్నాను.

దసరా వచ్చింది, పోయింది. లింబాద్రి డిపో ముందునుంచి నడవడం నేను మానేశాను. కోరుట్లలో పనిపడితే బస్టాండు కంటే ముందే దిగి, మురికి కాలువ వెంబడి సందుల్లోంచి తిరిగి వెళ్లేవాణ్ణి. దర్వాజ లేని ఖాళీ గోడ చూడలేక అనుకోండి. రాజేశం కాలేజీ మానేసి సిరిసిల్ల వెళ్లిపోయి, సాంచెల షెడ్డు చివర రేకుల కింద ట్యూషన్లు మొదలుపెట్టాడని విన్నాను. రేకులు స్లాబు అయ్యాయి, స్లాబు రెండంతస్తులైంది. ఇవన్నీ విన్నానే గాని వెళ్లి చూడలేదు. మా ఇద్దరికీ మధ్య తగాదా ఏమీ లేదు. తగాదా ఉంటే బాగుండేది, రాజీకి అవకాశం ఉండేది.

ఏళ్లు గడిచాయి. ఈ మధ్యనే ఫోన్ వచ్చింది.

"దొరా, ఇల్లు కట్టిన. గృహప్రవేశం. చెల్లెను తీస్కొని రావాలె."

సుజాతకు నా భార్య అయినందుకు అన్నీ పోయినా, రాజేశం నోట చెల్లె అన్న పిలుపు పోలేదు. నా నడుం ఇంకాస్త నిటారైంది. పిలిచాడంటే మరిచిపోయాడు. మరిచిపోయాడంటే క్షమించాడు. ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం.

కొత్త ఇల్లు, తెల్లటి రంగు, మామిడి తోరణాలు. ఆ తోరణాల కింద మా దర్వాజ ఉంది.

అదే టేకు. అవే ఇత్తడి గుబ్బలు, ఎవరో చింతపండుతో తోమినట్టు మెరుస్తున్నాయి. నేను కదలలేక నిలబడిపోయాను. సుజాత కొలతలు తీస్తున్నట్టు పైనుంచి కిందికి చూసి, "ఈడికి సరిపోయింది," అంది.

లోపలినుంచి రాజేశం గొంతు వినిపించింది. "రిసార్టాయన రానే రాలేదట దొరా! గిన్నేండ్లు లింబాద్రి కాడ్నే ఉన్నది, టార్పాలిన్ కప్పి. నువ్వు అటు మొకాన పోతవనుకున్న, నీకు ఎర్కే అనుకున్న. పోలేదా?"

పోలేదు. మురికి కాలువ వెంబడి తిరిగాను.

"పెద్ద తలుపు తెరువస్తలేదు, కొత్త బండలకు ఒరుస్తున్నది. వడ్ల ఆయన రేపచ్చి చిత్రిక వడ్తడు. దిడ్డిలకెళ్లి రండ్రి!"

సుజాత ముందుగా వంగి లోపలికి వెళ్లింది. ఆమెకు ఏ కష్టమూ కాలేదు. నా వంతు వచ్చింది. మా ముత్తాత వడ్రంగికి చెప్పిన కొలత ఎంత కచ్చితమైనదో, మా వంశంలో మొట్టమొదటిసారి నా నడుముకు తెలిసింది. సగం వంగాను, చాలలేదు. పూర్తిగా వంగి, తల ముందుకు పెట్టి లోపలికి అడుగేశాను. లేవబోయేసరికి పైచెక్క ఠంగుమని తగిలింది. బొప్పి చేత్తో తడుముకుంటూ నిలబడ్డాను.

ఎదురుగా హాల్లో సోఫా మీద రాజేశం, పక్కనే నర్సవ్వ. నన్ను చూడగానే ఆమె చెయ్యి అలవాటుగా గోడకోసం వెతుక్కుంది. "దండాలు..." అంటూ లేవబోయింది. రాజేశం తల్లి భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా, లేవకుండా ఆపాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చెయ్యి నావైపు తిప్పాడు. రెండు వేళ్లు. కొద్దిగా కిందికి.

"కూసో విఠల్, కూసో."

పేరు పెట్టి మరీ అన్నాడు. అన్నేళ్ల స్నేహంలో నన్ను దొర అనకుండా పేరుతో పిలవడం అదే మొదలు. కసితో అన్నాడో, దోస్తుగా అన్నాడో నాకు లెక్క తేలలేదు. లెక్క ఎప్పుడూ అతని శాఖే కదా. అక్కడ ఖాళీగా ఉన్నది ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే. వీపు వదులు చేసి, నా వయసు వాళ్లందరిలాగే వంగి కూర్చున్నాను.

ఆ బొప్పి సాక్షిగా, చదువరులందరి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పేకముక్క ముట్టను. ఓడ ఎక్కను. షేర్వానీని సుజాత ఇప్పటికే దిండు గలేబులుగా కుట్టించింది కాబట్టి అది తొడగను. ఇక మీదట నా ఎదుట ఎవరు లేచి నిలబడినా, ముందు జేబు తడిమి చూసుకుని, ఆపైన నేనూ లేస్తాను. ఇదంతా చదివి నవ్వు ఆపుకోలేక మీలో ఎవరైనా లేచి నిలబడితే, అయ్యా, అలాగే నిలబడండి. కూర్చోమని మాత్రం నా నోటితో అనను.